ట్రైల్ కెమెరా: పగలంతా ఖాళీ ఫొటోలు, రాత్రి తోక చివర్లు. అసలెలా కట్టాలి?

కంచెదగ్గర_ఎవరు:

అందరికీ నమస్కారం. తోట చివర కంచె దగ్గర రాత్రిళ్లు ఏదో తిరుగుతోంది, అదేంటో చూద్దామని ట్రైల్ కెమెరా (ఎదుట జంతువు కదలగానే దానంతట అదే ఫొటో తీసేది) కొన్నాను. కంచె అడుగున ఒకచోట మట్టి అరిగిపోయి నున్నగా కంత పడింది, కింది తీగకి ముతక వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి, కాబట్టి అక్కడినుంచే దూరి వస్తోందన్నది ఖాయం. ఆ కంతకి ఎదురుగా ఓ సన్నపాటి చెట్టు ఉంటే దానికి ఛాతీ ఎత్తులో బెల్టుతో బిగించాను, కెమెరా మొహం తూర్పుకి, సెన్సిటివిటీ హై.

కార్డు తీసి చూస్తే పగటి ఫొటోలు వందల కొద్దీ ఉన్నాయి, ఒక్కదాంట్లో కూడా గడ్డి తప్ప ఏమీ లేదు. రాత్రివి మాత్రం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకదాంట్లో తోక చివర, ఇంకోదాంట్లో సగం వీపు, మిగతావాటిలో తెల్లగా వెలుగు మరక, వెనకంతా కటిక చీకటి. డబ్బాలో వచ్చిన పుస్తకంలో హెచ్చరికలే తప్ప ఎక్కడ పెట్టాలో ఒక్క ముక్క రాయలేదు. తేడా కెమెరాలో ఉందా, పెట్టిన చోటులో ఉందా? వాడి చూసినవాళ్లు చెప్పండి.

గుడ్లగూబ:

కెమెరా శుభ్రంగా పనిచేస్తోంది సార్, మార్చాల్సింది చోటే. ఈ కెమెరాల్లో ఉండే పీఐఆర్ సెన్సర్ మనమనుకున్నట్టు కదలికని చూడదు, వేడిలో తేడాని చూస్తుంది. లెన్స్ కింద తెల్లటి ప్లాస్టిక్ మూతలా కనిపించేది ఫ్రెనెల్ లెన్స్, అది ఎదురుగా ఉన్న జాగాని విసనకర్ర మడతల్లా పట్టీలుగా విడగొడుతుంది. చుట్టుపక్కల కంటే వేడిగానో చల్లగానో ఉన్నదేదైనా ఒక పట్టీలోంచి పక్క పట్టీలోకి దాటిందంటే అప్పుడు ఫొటో పడుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మీ ఫొటోలన్నిటికీ లెక్క తేలుతుంది.

పగలు ఎండకి కాగిన గడ్డి గాలికి ఊగితే సెన్సర్‌కి అదీ ఒక జంతువే. పైగా మీరు కట్టింది సన్నటి చెట్టుకి. గాలికి చెట్టు ఊగితే కెమెరా ఊగుతుంది, కెమెరా ఊగితే దాని లెక్కలో ఎదురుగా ఉన్న ప్రపంచమంతా కదిలినట్టే. తూర్పు మొహం కాబట్టి పొద్దున్నే సూర్యుడు నేరుగా కొడతాడు, అప్పుడు ఖాళీ ఫొటోలు మరీ ఎక్కువ, ఒకవేళ జంతువు వచ్చినా నల్లటి నీడలా పడుతుంది. ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లు కెమెరాని ఉత్తరానికి తిప్పుకోవాలి, దక్షిణార్ధగోళంలో అయితే దక్షిణానికి. తూర్పు పడమరలు రెండూ వీలైనంతవరకు వద్దు.

ఇక రాత్రి సంగతి. కంతకి ఎదురుగా పెట్టారు కాబట్టి జంతువు నేరుగా కెమెరా మీదికే నడిచి వస్తోంది. అలా వచ్చేటప్పుడు అది చాలాసేపు ఒకే పట్టీలో ఉండిపోతుంది, అందుకే సెన్సర్‌కి ఆలస్యంగా తెలుస్తుంది, తెలిసేసరికి అది కెమెరా పక్కనుంచి వెళ్లిపోతూ ఉంటుంది, మీకు తోక మిగులుతుంది. అడ్డంగా దాటితే సెన్సర్ వెంటనే పట్టేస్తుంది. కానీ బాటకి సరిగ్గా తొంభై డిగ్రీల్లో పెట్టినా ఇంకో తంటా ఉంది, వేగంగా పోయే జంతువు షట్టర్ పడేలోపే ఫ్రేమ్ దాటేస్తుంది. అందుకని బాటకి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో, మూడు నాలుగు మీటర్ల దూరంలో పెట్టండి. అడ్డంగానూ దాటుతుంది, ఫ్రేమ్‌లో కాసేపు ఉంటుంది కూడా.

ఛాతీ ఎత్తు అనేది మనిషి సౌకర్యం కోసం ఎంచుకునే ఎత్తు. నక్క, ముళ్లపంది, అడవి పంది లాంటివాటికి మీ మోకాలి ఎత్తు చాలు, కుందేలు, ముంగిస, పునుగు పిల్లి అయితే ఇంకా కిందికి దింపొచ్చు. జింక లాంటి వాటికి నడుము ఎత్తు. అసలు రూలేంటంటే మీకు కావలసిన జంతువు భుజం ఎంత ఎత్తులో ఉంటుందో కెమెరా అక్కడే ఉండాలి, లెన్స్ నేల వాలుకి సమాంతరంగా చూడాలి. ఎత్తులో కట్టి నేలకి సమాంతరంగా వదిలేస్తే సెన్సర్ చూపు చిన్న జంతువుల తలమీంచి పోతుంది.

బ్యాటరీ_బాబాయి:

చోటు సంగతి గుడ్లగూబ చెప్పేశారు కాబట్టి లోపలి సంగతులు నేను చెప్తాను.

మామూలు ఆల్కలైన్ బ్యాటరీ వాడుతూ ఉంటే వోల్టేజి నెమ్మదిగా దిగుతూ పోతుంది. పగటి ఫొటోకి అది పెద్ద లెక్క కాదు, కానీ రాత్రి ఫ్లాష్‌గా పనిచేసే ఎల్ఈడీలు వెలగాలంటే ఒక్కసారిగా చాలా కరెంటు లాగాలి, అప్పుడు వెలుగు దూరం తగ్గడమో, కెమెరా ఫొటో మధ్యలో ఆగిపోవడమో జరుగుతుంది. పగలు పనిచేసి రాత్రి పనిచేయని కెమెరా అంటే ముందు బ్యాటరీనే అనుమానించాలి. రీచార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఒక్కోటి 1.2 వోల్టులే, కొన్ని కెమెరాలు వాటిని పెట్టగానే బ్యాటరీ అయిపోయిందని గోల పెడతాయి, కొన్ని హాయిగా నడుస్తాయి. అన్నిటికంటే నిలకడైనవి 1.5 వోల్టుల లిథియం డబుల్-ఏ సెల్స్, చివరిదాకా వోల్టేజి పడిపోదు, గడ్డకట్టే చలిలోనూ పనిచేస్తాయి. ఖరీదు ఎక్కువే, కాదనను. ఒక్క జాగ్రత్త: అచ్చం అదే సైజులో 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్ ఒకటి దొరుకుతుంది, దానిమీద 14500 అని రాసి ఉంటుంది, అది పెడితే కెమెరా కాలిపోవచ్చు. పాతవి కొత్తవి కలిపి మాత్రం ఎప్పుడూ వేయొద్దు.

కార్డుని కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కొన్ని మోడళ్లు 32 జీబీ దాటితే చదవవు, పుస్తకంలో ఆ ఒక్క లైను మాత్రం వెతుక్కుని చూసుకోండి. కార్డు పక్కన ఉండే బుల్లి లాక్ మీట జరిగి ఉంటే కెమెరా ఆన్‌లోనే ఉంటుంది, ఒక్క ఫొటో రాయదు.

మెగాపిక్సెల్ సెట్టింగ్ బాగా తగ్గించండి. డబ్బా మీద వేసే పెద్ద పెద్ద అంకెలు చాలావరకు సాఫ్ట్‌వేర్ సాగదీసినవే, అసలు సెన్సర్ అంత ఉండదు. అంకె పెంచితే ఫైలు లావెక్కుతుంది, ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య ఆలస్యం పెరుగుతుంది, అంతే. కంత దగ్గర జంతువు ఆగదు, దూరిపోతుంది కాబట్టి వీడియో కంటే బర్స్ట్, అంటే వెంటవెంటనే మూడేసి ఫొటోలు, మంచిది, వీడియో మొదలవడానికి ఫొటో కంటే ఎక్కువ సమయం పడుతుంది. నీళ్ల గుంట దగ్గరో, రాలిన పళ్ల దగ్గరో అయితే జంతువు నిలబడుతుంది, అక్కడ వీడియో పెట్టుకోవచ్చు.

సెన్సిటివిటీని ఏడాదంతా ఒకేలా ఉంచడం తప్పు. ఎండాకాలంలో నేల, రాళ్లు కూడా జంతువు ఒంటి వేడికి దగ్గరగా వస్తాయి, తేడా తక్కువ, అప్పుడు హై కావాలి. చలికాలంలో తేడా బోలెడంత ఉంటుంది, మీడియమో లో యో పెట్టినా పట్టేస్తుంది.

కంచెదగ్గర_ఎవరు:

గుడ్లగూబ గారికి, బాబాయి గారికి చాలా థాంక్స్. సెన్సర్ వేడిని చూస్తుందని తెలియగానే సగం చిక్కు విడిపోయింది. ఇప్పుడు అసలు ఇబ్బంది ఏంటంటే, లావుపాటి చెట్టు దగ్గర్లో లేదు, ఉన్న ఒక్కటీ కంతకి చాలా దూరం. కర్ర పాతితే ఊగదా? ఇంకోటి, ఆ తెల్లటి మరక ఫొటోల సంగతి ఎవరూ చెప్పలేదు. ఫ్లాష్ పాడయిందా అని టెన్షన్‌గా ఉంది. కంచె ఉత్తరం నుంచి దక్షిణానికి తిన్నగా పోతుంది, స్తంభాలు రాతివి, మాదీ ఉత్తరార్ధగోళమే.

మట్టిదారి:

రాతి స్తంభాలు ఉండగా చెట్టు ఎందుకండీ! కంతకి దక్షిణం వైపు, మూడు నాలుగు మీటర్ల దూరంలో ఏ స్తంభం ఉంటే దానికి మీ వైపు నుంచి కట్టేయండి, కెమెరా కంచె వెంబడే ఉత్తరానికి చూడాలి. జంతువు కంతలోంచి దూరి లోపలికి వచ్చేటప్పుడు ఫ్రేమ్‌కి అడ్డంగా వస్తుంది, సూర్యుడి బెడద ఉండదు, రాయి ఊగదు. ఒక్కటే చూసుకోవాలి, కంచె తీగలు లెన్స్‌కి అడ్డం పడకూడదు, కాబట్టి కెమెరాని రవ్వంత తోట లోపలి వైపుకి తిప్పండి. అక్కడ స్తంభం లేకపోతే ఇనప గొట్టం ఒకటి లోతుగా దిగేసి దానికి కట్టండి, సన్న కర్ర వద్దు.

తెల్లటి మరక ఫ్లాష్ లోపం కాదు. లెన్స్ ముందు జానెడు దూరంలో ఒక్క గడ్డిపరక ఉన్నా చాలు. రాత్రి ఎల్ఈడీల ఇన్‌ఫ్రారెడ్ వెలుగు (మన కంటికి దాదాపు కనపడనిది) ముందు ఆ పరక మీద పడి తిరిగొస్తుంది, కెమెరా అబ్బో చాలా వెలుగుంది అనుకుని ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుగు, తగ్గించేస్తుంది, దాంతో పరక తెల్లగా మెరుస్తుంది, వెనకున్న జంతువు చీకట్లో కలిసిపోతుంది. పగటి ఫొటోలో ఆ పరక మూలన ఎక్కడో ఆకుపచ్చ గీతలా ఉంటుంది, కళ్లకి ఆనదు కూడా. సాలెగూడు దారం, మంచు తేమ కూడా ఇదే పని చేస్తాయి. అందుకే కట్టాక కెమెరా ముందు కూర్చుని, లెన్స్ నుంచి కంతదాకా ఉన్న గడ్డిని చేత్తో పక్కకి తీసి చూడండి, అడ్డం వచ్చినంతవరకే కోయండి. మొత్తం చెక్కేసి బోడిగా చేశారనుకోండి, రోజూ వచ్చేది ఆ మార్పు చూసి దారి మార్చుకోవచ్చు.

జంతువు మరీ దగ్గరికొచ్చినా తెల్లబడుతుంది, మసకగానూ ఉంటుంది. ఈ కెమెరాల ఫోకస్ కదలదు, చాలావాటిలో ఒకటిన్నర రెండు మీటర్ల లోపలికి వచ్చినది స్పష్టంగా ఉండదు. మెనూలో ఎల్ఈడీ పవర్ తగ్గించే సెట్టింగ్ ఉంటే తగ్గించండి, లేకపోతే ఎల్ఈడీల్లో కొన్నిటిమీద తెల్లటి మెడికల్ టేపు ముక్క అంటించండి. పీఐఆర్ మూత మీదా, పక్కనుండే చిన్న వెలుతురు సెన్సర్ మీదా మాత్రం టేపు పడకూడదు.

అన్నీ అయ్యాక వాక్ టెస్ట్ మోడ్ (సెన్సర్‌కి దొరికినప్పుడల్లా లైటు వెలిగించి చూపేది) పెట్టి, జంతువు వచ్చే దారిలో మీరే మోకాళ్లమీద పాకండి. నవ్వకండి, నిలబడి నడిస్తే సెన్సర్ మీ తలనీ ఛాతీనీ పట్టుకుని ఎర్ర లైటు వెలిగిస్తుంది, మీరు అంతా బాగుందనుకుంటారు. పాకినప్పుడు లైటు ఎక్కడ వెలిగి ఎక్కడ ఆరుతోందో చూస్తే సెన్సర్ ఎంతవరకు చూస్తోందో తెలిసిపోతుంది. కెమెరా పైకి చూస్తుంటే కెమెరా వీపుకి, స్తంభానికి మధ్య పైభాగంలో చిన్న పుల్ల దోపండి, ముందుకి వంగుతుంది.

గుడ్లగూబ గారితో ఒక్క విషయంలో పేచీ. మోకాలి ఎత్తు ఎక్కడైనా సరే అంటే కుదరదు. మనుషులు తిరిగే చోట, కోతులు ఉన్నచోట మోకాలి ఎత్తులో కెమెరా పెడితే అది ఉండదు, రెండు మూడు మీటర్ల పైన కట్టి బాగా కిందికి వంచడమే దారి. ఫొటో అందంగా రాదు, వీపులే ఎక్కువ కనిపిస్తాయి, అయినా ఏం వచ్చిందో తెలుస్తుంది, కెమెరా దక్కుతుంది.

గుడ్లగూబ:

ఒప్పుకుంటున్నా. పైన కట్టేటప్పుడు మాత్రం ఎంత వంచారో టెస్ట్ చేసి తీరాలి, కొంచెం వంపు మారినా సెన్సర్ పట్టే జాగా చాలా చిన్నదైపోతుంది.

కిటికీలోంచి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు బయట కట్టే వీల్లేదు. కిటికీ అద్దం వెనక, ఇంట్లోనే పెడితే పనిచేస్తుందా? పెరట్లోకి ఉడుము కూడా వస్తుంది, దాన్ని తీయాలని.

గుడ్లగూబ:

చేయదు. ఒంటి వేడి పంపే పొడవాటి తరంగాలు మామూలు అద్దాన్ని దాటవు, కాబట్టి సెన్సర్ గుడ్డిదే. రాత్రి అయితే ఎల్ఈడీ వెలుగు అద్దం మీద పడి మొత్తం తెల్లగా వస్తుంది. కిటికీ బయటి చువ్వకి కట్టుకోండి.

ఉడుము వేరే కథ. దాని ఒళ్లు చుట్టుపక్కల వేడినే తెచ్చుకుంటుంది, అందుకే పీఐఆర్‌కి చాలాసార్లు దొరకదు, పాములూ అంతే. అవి కావాలంటే టైమ్ ల్యాప్స్ పెట్టాలి, నిమిషానికో అరనిమిషానికో ఒక ఫొటో. కార్డు త్వరగా నిండుతుంది, కూర్చుని అన్నీ తిరగేసే ఓపిక ఉండాలి.

చిత్తడినేల:

ఫ్లాష్ రకం ఎవరూ ఎత్తలేదు. 850 నానోమీటర్ల (అది వెలుగు తరంగం పొడవు) ఎల్ఈడీ ఉన్న కెమెరా రాత్రి ఫొటో తీసేటప్పుడు ఎర్రగా మసక వెలుగు కనిపిస్తుంది, జంతువులు కొన్ని తలెత్తి చూస్తాయి, దొంగలూ చూస్తారు. 940 రకంలో ఆ ఎరుపు కనపడదు, బదులుగా వెలుగు అంత దూరం పోదు, ఫొటోలో గరుకు ఎక్కువ. కంత మూడు మీటర్లలోనే ఉంది కాబట్టి 940 చాలు. బిగించేటప్పుడు చేతులకి గ్లౌజులు వేసుకోండి, చెమట, అత్తరు వాసనలు మనకి తెలియవు గానీ వాటికి తెలుస్తాయి. రోజూ వెళ్లి కార్డు చూసే అలవాటు మాత్రం పెట్టుకోవద్దు, జంతువుని తరిమేసేది కెమెరా కంటే మన రాకపోకలే.

ఎర పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తిండికి అలవాటు పడ్డ జంతువు కెమెరా తీసేశాక కూడా వస్తుంది, రానివి కూడా వస్తాయి, అవన్నీ ఒకేచోట చేరితే రోగాలు అంటుకుంటాయి. మీకు కంతే ఉంది, అంతకంటే మంచి చోటు ఎరతో దొరకదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. అమెరికాలో జార్జ్ షీరాస్ అనే ఆయన కాలికి తగిలే తీగకి కెమెరా, ఫ్లాష్ కట్టి రాత్రిళ్లు జింకల్ని తీశాడు, అలా తీసిన రాత్రి ఫొటోలూ మిగతావీ కలిపి ఆయనవి 74 ఫొటోలని నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906 జులై సంచికలో వేసింది. ఇప్పుడు పులుల్ని లెక్కపెట్టేవాళ్లు బాటకి రెండువైపులా ఒక్కో కెమెరా పెడతారు, ఎందుకంటే ఒకే పులికి ఎడమవైపు చారలు, కుడివైపు చారలు ఒకేలా ఉండవు, ఒక్క పక్క ఫొటోతో లెక్క తేలదు. అలా పెట్టేటప్పుడు రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని కళ్లలో పడుతుంది, అందుకని కాస్త పక్కకి జరుపుతారు. మీకిది అక్కర్లేదు, కానీ వచ్చేది ఒకటా రెండా అని ఎప్పుడైనా అనుమానం వస్తే ఒంటిమీద గుర్తులున్నవాటికి ఇదే పద్ధతి.

అన్నట్టు కంచె అవతలి స్థలం ఎవరిదో చూసుకోండి. పక్కవాళ్ల ఇల్లో, జనం నడిచే దారో ఫ్రేమ్‌లో పడితే అనవసరంగా గొడవ. అడవిలో పెట్టాలంటే అటవీ అధికారుల అనుమతి లేకుండా వద్దు.

కంచెదగ్గర_ఎవరు:

మట్టిదారి గారు చెప్పినట్టే దక్షిణం వైపు స్తంభానికి మోకాలి ఎత్తులో కట్టాను, పాకాను కూడా, ఇంట్లోవాళ్లు పగలబడి నవ్వారు. పగటి ఖాళీ ఫొటోలు దాదాపు పోయాయి. రాత్రి బర్స్ట్‌లో మొదటి ఫొటోలో కంతలోంచి మూతి, రెండోదాంట్లో భుజాల దాకా, మూడోదాంట్లో మొత్తం ఒళ్లు, వీపుమీద నిక్కబొడుచుకున్న జూలుతో సహా. అడవి పందే. వెనకాలే చారల పిల్లలు. ఇక దాన్ని ఏం చేయాలన్నది వేరే చర్చ, ఇక్కడ మొదలుపెట్టను. ఒక్క సందేహం మిగిలింది: ఫొటో కింద పట్టీలో టైము పడుతోంది, ఉష్ణోగ్రత కూడా పడుతోంది, ఆ రెండూ నమ్మొచ్చా? ఏ వేళకి వస్తోందో రాసుకుందామని.

బ్యాటరీ_బాబాయి:

ఉష్ణోగ్రత కెమెరా డబ్బా లోపలిది, ఎండ తగిలితే బయటికంటే చాలా ఎక్కువ చూపిస్తుంది, రాత్రివి కొంతవరకు నయం. టైము మీరు పెట్టినంతవరకు సరైనదే, కాకపోతే బ్యాటరీలు మార్చినప్పుడు కొన్ని కెమెరాలు తేదీని మొదటికి తీసుకుపోతాయి, ఎప్పుడో పాత సంవత్సరం పడుతుంది. అందుకని బ్యాటరీ మార్చిన ప్రతిసారీ ఫోన్‌లో టైము చూపిస్తూ కెమెరా ముందు ఒక ఫొటో దిగండి, తేడా ఎంతుందో తర్వాత లెక్క కట్టుకోవచ్చు. పిల్లలతో ఉన్న పంది అంటున్నారు కాబట్టి కార్డు మార్చడానికి మిట్టమధ్యాహ్నం వెళ్లండి, ఒంటరిగా వెళ్లొద్దు. మూత తెరిచినప్పుడు రబ్బరు అంచు మీద మట్టి, చీమలు లేకుండా తుడిచి మూయండి, లోపల ఒక సిలికా జెల్ పొట్లం వేయండి, లేదంటే వానాకాలంలో లెన్స్ లోపలి నుంచే ఆవిరి పడుతుంది.